కావలి సెటిల్మెంట్: పాసు లేకుండా పొలిమేర దాటలేని మనుషులు

[దృశ్యం: తెల్లవారుజామున బిట్రగుంట రైల్వే స్టేషన్. ఖాళీ ప్లాట్‌ఫారం. దూరంగా గూడ్సు బండి చప్పుడు.]

నమస్కారం. నెల్లూరు జిల్లాలో కావలి పక్కనే ఉంది బిట్రగుంట. ఆవిరి ఇంజన్ల కాలంలో ఇక్కడి లోకోషెడ్డుకు పెద్ద పేరు. మద్రాసునూ బెజవాడనూ కలిపే ఈ రైలుదారి 1899లో పూర్తయింది. ఈ రోజు చెప్పబోయే కథలో ఈ పట్టాలకూ వాటా ఉంది.

[దృశ్యం: ఉప్పు మడులు. తర్వాత గాడిదల వరుస, రేఖాచిత్రం.]

రైలు రాకముందు ఈ సముద్రతీరంలో పండిన ఉప్పు పడమటి మెట్ట ఊళ్లకు ఎలా చేరేది? గాడిదల మీద, ఎద్దుల మీద. ఆ పని చేసినవాళ్లలో ఎరుకలవాళ్లు ముఖ్యులు. కొఠారులో, అంటే ఉప్పు నిల్వచేసే గిడ్డంగిలో, ఉప్పు కొని లోపలి ఊళ్లకు తీసుకువెళ్లేవాళ్లు, తిరుగు ప్రయాణంలో ధాన్యం వేసుకుని వచ్చేవాళ్లు. వాళ్లలో ఒక శాఖకు ఉప్పు ఎరుకల అనే పేరే ఉంది. కరివేపాకు అమ్మేవాళ్లు కరివేపాకు ఎరుకల, వెదురు దబ్బలతో బుట్టలు అల్లేవాళ్లు దబ్బ ఎరుకల. ఇంటింటికీ తిరిగి ఎరుక చెప్పే ఆడవాళ్లు ఉండనే ఉన్నారు. ఏ శాఖ పేరు చూసినా అందులో ఒక వృత్తి కనబడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే తర్వాత ప్రభుత్వం వీళ్లందరికీ కలిపి ఒకే ఒక్క పేరు పెట్టింది.

ఆ బతుకుతెరువులు ఒక్కొక్కటే తెగిపోయాయి. ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించింది, పన్ను వేసింది. 1876–78 ధాత కరువు మనుషులతోపాటు పశువులనూ మింగింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవిలో వెదురు నరకడానికి ఆంక్షలొచ్చాయి. చివరికి రైలొచ్చింది. వందల గాడిదలు మోసే ఉప్పును ఒక్క గూడ్సు బండి మోసుకుపోయింది.

తినడానికి లేనప్పుడు వాళ్లలో కొందరు దొంగతనం చేశారా? చేశారు. కరువు రోజుల్లో అన్ని కులాల్లోనూ చేసినవాళ్లున్నారు. పట్టుబడితే శిక్షించడానికి శిక్షాస్మృతి అప్పటికే ఉంది. కానీ ఇల్లూవాకిలీ లేకుండా తిరిగే మనిషంటేనే పాలకులకు అనుమానం. పన్ను వసూలుకు దొరకడు, లెక్కల్లోకి రాడు. ఆ అనుమానానికి వాళ్లు ఒక సిద్ధాంతం అల్లుకున్నారు: ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు కాబట్టి, దొంగ కొడుకూ దొంగే అవుతాడట.

[తెర మీద అక్షరాలు: నేరస్థ తెగల చట్టం, 1871]

1871లో ఉత్తర భారతంలో మొదలైన ఈ చట్టాన్ని 1911లో మార్చి దేశమంతటికీ వర్తింపజేశారు. మద్రాసు రాష్ట్రం, అంటే మన నెల్లూరు, దాని కిందికి వచ్చింది అప్పుడే.

అందులో ఏముందో నిదానంగా చెబుతాను. ఒక తెగ మొత్తాన్ని నేరస్థ తెగ అని ప్రభుత్వం ప్రకటించవచ్చు. ఆ ప్రకటన సరైనదా కాదా అని ఏ కోర్టూ ప్రశ్నించకూడదు. ప్రకటన వెలువడ్డాక మేజిస్ట్రేటు పిలుస్తాడు, వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి. వెళ్లకపోతే అదే ఒక నేరం. ఇల్లు మారినా, ఊరు దాటినా ముందుగా చెప్పాలి. చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. పాసు లేకుండా బయట కనబడితే వారంటు అక్కర్లేదు, ఊరి మునసబైనా కావలికాడైనా పట్టి అప్పగించవచ్చు. చట్టంలో చూపిన నేరాలకు రెండోసారి శిక్ష పడితే ఏడేళ్లకు తక్కువ కాని జైలు, మూడోసారి పడితే యావజ్జీవ ద్వీపాంతరవాసం. ఇదే నేరం పక్కింటి రైతు చేస్తే ఈ లెక్క వర్తించదు.

నన్ను అన్నిటికంటే కలచివేసేది ఇంకో నిబంధన. ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్లలోపు ఉన్న పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ప్రత్యేక పాఠశాలల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. తల్లిదండ్రుల దగ్గర పెరిగితే దొంగలవుతారని. బుట్ట అల్లడం, తమ కుర్రు భాష మాట్లాడటం, ఏ దారిలో ఏ నీళ్లుంటాయో తెలుసుకోవడం పిల్లలు నేర్చుకునేది ఆ తల్లిదండ్రుల దగ్గరే కదా!

[దృశ్యం: కావలి పట్టణం, ఇప్పటి రోడ్లు.]

ఇలా నమోదైనవాళ్లను ఒకచోట ఉంచడానికి ఏర్పాటైనవే సెటిల్మెంట్లు. నెల్లూరు జిల్లాలో అలాంటిది కావలిలో వెలిసింది. నడిపే పని అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు అప్పగించారు. దాన్ని చూసుకున్న మిషనరీ శామ్యూల్ బౌడెన్. దాదాపు అదే కాలంలో చీరాల, బాపట్ల మధ్య సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ మరొకటి పెట్టింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు మీద అది స్టువర్టుపురం అయింది.

మిషనరీలు చెడ్డవాళ్లని నేను అనను. బడి పెట్టారు, పని చూపించారు, మనుషుల్ని బాగుచేస్తున్నామని మనస్ఫూర్తిగా నమ్మారు. అయితే బాగుచేయడానికి ముందు చెడిపోయినవాళ్లని ముద్ర వేయాలి. ఆ ముద్ర పాలిచ్చే తల్లి మీదా, కాటికి కాళ్లు చాపిన ముసలివాడి మీదా ఒకేలా పడింది.

[దృశ్యం: పంట కాలువ గట్టు. చేపల బుట్ట.]

ముద్ర పడింది ఎరుకలవాళ్ల మీద మాత్రమే కాదు. యానాదుల్లో కొందరినీ ఈ చట్టం కిందికి తెచ్చారు. రైతుల పొలాలకు రాత్రిళ్లు కాపలా పడుకున్నవాళ్లు యానాదులు. వాళ్ల హక్కుల కోసం నెల్లూరు జిల్లాకే చెందిన వెన్నెలకంటి రాఘవయ్య జీవితమంతా పనిచేశారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. మన జిల్లా పిల్లలకు ఆయన పేరు ఇంకా బాగా తెలియాల్సింది.

[తెర మీద: నెల్లూరు, 1936 అక్టోబరు]

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం. ఆ ఏడాది కాంగ్రెస్ అధ్యక్షుడు జవహర్‌లాల్ నెహ్రూ. పౌరహక్కుల కోసం దేశంలో ఒక సంఘం ఏర్పడింది కూడా ఆ సంవత్సరమే, అందుకు చొరవ తీసుకున్నదీ ఆయనే. అక్టోబరులో నెల్లూరు వచ్చినప్పుడు ఆయన ఈ చట్టం గురించి మాట్లాడారు. ఇది పౌరస్వేచ్ఛకు పూర్తిగా విరుద్ధమైన ఘోరమైన చట్టమనీ, ఏ తెగనూ పుట్టుకతో నేరస్థ తెగగా లెక్కగట్టడానికి వీల్లేదనీ అన్నారు. చట్టాల పుస్తకంలోంచి దీన్ని తొలగించాలన్నారు. దేశమంతా తర్వాత పదేపదే ఉదహరించిన ఆ మాటలు పలికింది మన ఊళ్లో. నెల్లూరులో పుట్టి పెరిగి, ఈ సంగతి నాకు తెలిసింది నిరుడే. తెలిసిన రోజు నిద్ర పట్టలేదు.

మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని 1947లో రద్దు చేసింది. తర్వాత కేంద్రం నియమించిన విచారణ సంఘానికి అధ్యక్షుడు మన తిరుపతి ప్రాంతపు ఎం. అనంతశయనం అయ్యంగార్. 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం పోయింది. అందుకే ఆ తెగలకు విముక్త జాతులు అని పేరు. ఆగస్టు 31 వాళ్లకు విముక్తి దినం. మనకు స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్లకు!

కానీ ఒక చేత్తో తీసి మరో చేత్తో పెట్టారు. అలవాటు నేరస్థుల చట్టం అని మద్రాసులో 1948లో, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో కొత్తవి వచ్చాయి. వాటిలో తెగ పేరు లేదు. ఠాణా రిజిస్టరు మాత్రం ఉంది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్లలో కులాన్ని బట్టి పనులు అప్పగించే నిబంధనలను కొట్టివేస్తూ, విముక్త జాతులను పుట్టు నేరస్థులుగా చూసే పద్ధతిని గట్టిగా తప్పుపట్టింది. చట్టం పోయిన డెబ్బై రెండేళ్లకు ఆ మాట మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

[దృశ్యం: పాత దినపత్రికల కట్ట. ఏ శీర్షికా చదవడానికి వీల్లేకుండా.]

ఎక్కడైనా దొంగతనం జరిగితే వార్తల్లో ఒక ఊరి పేరు పక్కన ముఠా అనే మాట చేరుతుంది. స్టువర్టుపురం ముఠా, బిట్రగుంట దగ్గరి కప్పరాళ్లతిప్ప ముఠా. ఆ ఊళ్ల నుంచి ఉపాధ్యాయులు వచ్చారు, ఉద్యోగులు వచ్చారు. దరఖాస్తులో చిరునామా రాసేటప్పుడు వాళ్ల చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. పత్రికల్లో ఉన్న మిత్రులకు నా విన్నపం ఒక్కటే: పట్టుబడిన మనిషి పేరు రాయండి, ఊరిని వదిలేయండి.

[దృశ్యం: మళ్లీ బిట్రగుంట ప్లాట్‌ఫారం. ఇప్పుడు జనం ఉన్నారు.]

ఈ వీడియో చూస్తున్నవాళ్లలో ఆ సెటిల్మెంట్ కుటుంబాలవాళ్లు ఉంటే, మీ తాతమ్మలు, జేజమ్మలు హాజరు గురించి, పాసుల గురించి చెప్పినవి కింద రాయండి. అవన్నీ కలిపి ఇంకో భాగం చేస్తాను. ఊరి పేరు రాయాలని ఏమీ లేదు.