అరికాలికి దిష్టి చుక్క పెట్టారు సరే, ఆక్సిజన్ చూశారా?

కరోనా సెకండ్ వేవ్ గుర్తుందా? ఆక్సీమీటర్ల కోసం హైదరాబాద్ అంతా మెడికల్ షాపుల మీద పడింది. తాతయ్య వేలికి రోజుకు పదిసార్లు పెట్టాం. 93 వస్తే ఇల్లంతా టెన్షన్. మరి నిన్న పుట్టిన మనవరాలికి ఆ నంబర్ ఎంత? ఎవరైనా చూశారా?

మొన్నటి వీడియోలో ఇదే అన్నాను, పుట్టుకతో వచ్చే గుండె లోపాలు పట్టుకోవడానికి బిడ్డ కాలికి ఆక్సీమీటర్ పెట్టి చూడకుండా డిశ్చార్జి తీసుకోవద్దని. బాలింతల్ని భయపెడుతున్నావని ఒకటే తిట్లు! సరే, ఇంకోసారి తిట్టండి. మళ్లీ అదే చెప్తా.

మా చెల్లి డెలివరీ అయింది. పేరు చెప్పను, సిటీలో ఓ ప్రైవేటు ఆస్పత్రి. డిశ్చార్జి ఫైల్లో బరువుంది, బ్లడ్ గ్రూపుంది, బొడ్డుతాడు రక్తం దాచుకునే ప్యాకేజీ బ్రోషర్ కూడా ఉంది, రంగురంగులది. ఆక్సిజన్ మాత్రం ఎక్కడా లేదు. సిస్టర్‌ని అడిగితే "పాప మంచిగ ఏడుస్తుంది కదన్నా!" అంది.

ఏడుస్తుందండీ! అసలు మోసం అక్కడే ఉంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తం ఊపిరితిత్తుల్లోకి పోకుండా దాటించే చిన్న గొట్టం ఒకటుంటుంది, డక్టస్ అంటారు. పుట్టిన కొద్ది రోజుల్లో అది మూసుకుపోతుంది. కొన్ని గుండె లోపాలున్న పిల్లల ప్రాణం ఆ గొట్టం మీదే నిలబడి ఉంటుంది. ఆస్పత్రిలో పాలు తాగి పడుకున్న బిడ్డ, ఇంటికొచ్చాక చల్లబడిపోతుంది. ముందే తెలిస్తే ప్రోస్టాగ్లాండిన్ మందుతో ఆ గొట్టం మూసుకుపోకుండా ఆపి ఆపరేషన్ చేస్తారు.

నీలంగా మారితే కనబడదా అంటారు. ఆక్సిజన్ 80ల్లోకి దిగినా చాలాసార్లు కంటికి ఆనదు. మన చామనఛాయ పిల్లల్లో మరీ కష్టం.

టెస్ట్ ఎంతసేపు? రెండు నిమిషాలు. 24 గంటలు దాటాక కుడి చేతికి, ఒక కాలికి ప్రోబ్, అంటే ఆక్సిజన్ చూసే పట్టీ, చుడతారు. రెండింట్లోనూ 95 లేదా ఆపైన ఉండి, తేడా 3 మించకపోతే పాస్. 90 లోపు వస్తే వెంటనే గుండె డాక్టర్. మధ్యలో ఉంటే గంట ఆగి మళ్లీ. అమెరికా 2011లోనే దీన్ని నవజాత శిశువుల పరీక్షల జాబితాలో పెట్టింది. అక్కడ తప్పనిసరి చేసిన రాష్ట్రాల్లో ఈ లోపాల వల్ల పసిపిల్లల మరణాలు మూడో వంతు తగ్గాయని 2017లో లెక్క తేలింది.

మరి ఇక్కడ ప్రతి ఆస్పత్రిలో ఎందుకు చేయరు? నా థియరీ ఒక్కటే. బిల్లు వేయడానికి ఇందులో ఏమీ లేదు! దీనికి ఓ ఇంగ్లిష్ పేరు తగిలించి మూడు వేల ప్యాకేజీ చేస్తే రేపు పొద్దున్నే ప్రతి బిడ్డకూ చేస్తారు. సర్కారు సంగతీ అంతే. ఆరోగ్యశ్రీలో పిల్లల గుండె ఆపరేషన్లకు డబ్బులిస్తారు. ముందే పట్టుకునే ఆ రెండు నిమిషాలకు మాత్రం గట్టిగా పట్టుబట్టేవాళ్లు లేరు.

ఒక మాట. ఇది అన్నింటినీ పట్టుకోదు. బృహద్ధమని, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం, ఇరుకైన కేసులు కొన్ని తప్పించుకుంటాయి. పాలు తాగుతుంటే చెమటలు పట్టినా, ఆయాసపడినా పరిగెత్తండి. ఇంట్లో ఉన్న ఆ కరోనా మెషిన్ పసివేలికి పెట్టకండి, పనికిరాదు.

చివరికి మా పాపకి గొడవపడి పెట్టించాం. కుడి చెయ్యి 98, కాలు 97. అప్పటికే మా అమ్మ ఆ అరికాలికి కాటుక చుక్క పెట్టేసింది, సిస్టర్ తుడిచి మరీ చుట్టింది. ప్రోబ్ ఎక్కడి నుంచి తెచ్చారో తెలుసా? పై అంతస్తులో పసిపిల్లల ఐసీయూ (ఎన్‌ఐసీయూ) నుంచి.