రాయడానికి ఏముంది మా ఊళ్లో?

(మహబూబ్‌నగర్‌లో కొత్తగా రాస్తున్న యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. కోస్గి నుంచి, అచ్చంపేట నుంచి, అటు దేవరకొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పిల్లలకు ఇంకో నమస్కారం.

మీరు ముందుగా పంపిన కవితలు, కథలు అన్నీ చదివాను. భాష మీద ప్రేమ కనిపించింది, సంతోషం. కానీ ఒక విషయం బాధ పెట్టింది. ఎక్కువమంది రాతల్లో గలగల పారే సెలయేళ్లు, కొబ్బరి తోటలు, మంచు తెరలు ఉన్నాయి. మన చెల్కలు, గుట్టలు, తుమ్మచెట్లు, తంగేడు పొదలు దాదాపు లేవు. ఇందాక టీ దగ్గర ఒక అమ్మాయిని అదే అడిగితే, "మా ఊళ్లో రాయడానికి ఏముంది సార్, ఎండ తప్ప" అంది. ఈరోజు నేను మాట్లాడేదంతా ఆ అమ్మాయికి జవాబు.

ఎండనే రాయమ్మా. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ ఎండలో మధ్యాహ్నం రెండింటికి మీ ఊరి నడుమ ఎవరు కనిపిస్తారు? ఏ పని వాళ్లను బయటికి తెచ్చింది? మేకలు ఏ గోడ నీడకు చేరాయి? మూడు వారాలు తిరిగేసరికి అదే నేల మారిపోతుంది. ఆరుద్ర కార్తెలో తడిసిన చెల్క మీద ఎర్రటి, మెత్తటి ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. పిల్లలు వాటిని అగ్గిపెట్టెల్లో దాచుకుంటారు. మీలో చాలామంది దాచుకొని ఉంటారు కూడా. మరి మీ కవితలోకి ఆ పురుగు ఎందుకు రాలేదు?

బాలానగర్ సీతాఫలం సంగతి తీసుకోండి. దేశంలో పేరున్న ఒక సీతాఫలం రకానికి మన బాలానగర్ పేరే ఉంది. ఎవరూ నీళ్లు పెట్టని గుట్టల మీద, రాళ్ల సందుల్లో కాసే కాయ అది. మనం తింటాం, గింజలు ఊస్తాం, అంతటితో మరిచిపోతాం. కోసేవాళ్లను అడిగి చూడండి. కాయ మీది కండ్ల మధ్య సందులు తెల్లబడి విచ్చుకుంటే 'కండ్లు తెరిచింది' అంటారు, అప్పుడే కోస్తారు. తొందరపడి ముందే కోస్తే సరిగ్గా మాగదు. కోసిన కాయను ఇంట్లో ధాన్యంలోనో గడ్డిలోనో దాచి మాగబెడతారు. ఇదంతా తెలియాలంటే రోడ్డు పక్కన గంపలు పెట్టుకొని అమ్మే ఆడవాళ్ల దగ్గర ఒక పూట కూర్చోవాలి. కారు దిగినాయన గంప ఎంతంటాడు, ఆమె ఎంత చెబుతుంది, ఎక్కడిదాకా తగ్గుతుంది, ఏ మాట దగ్గర ఇక తగ్గనని మొహం తిప్పుకుంటుంది? మాగిన సీతాఫలం మరునాటిదాకా ఆగదు. అందుకే పొద్దు వాలేకొద్దీ ఆమె గొంతు మారుతుంది. పొద్దున చెప్పిన ధర, సాయంత్రం చెప్పిన ధర పక్కపక్కన రాసి చూడండి. ఆ రెండింటి మధ్య ఒక మనిషి రోజంతా ఉంటుంది.

ఫోన్‌లో ఫొటో తీసుకోవద్దని నేననను. కానీ ఫొటోలో ఆ గొంతు పడదు. దానికి చిన్న నోట్‌బుక్కు ఉంచుకోండి. అన్న మాట అన్నట్టే, మన యాసలోనే రాసుకోండి. ఇంటికెళ్లి దాన్ని పుస్తకాల భాషలోకి మార్చకండి.

చూడటం సగం పనే, అడగడం మిగతా సగం. వానాకాలంలో బావి మీదికి ఒరిగిన కొమ్మలకు, ఈతచెట్లకు గిజిగాడి గూళ్లు వేలాడతాయి. 'అందమైన గూడు' అని రాసి వదిలేస్తాం. ఆగి చూస్తే, అల్లేది మగపిట్ట. సగం అల్లి, ఆడపిట్టను పిలుస్తుంది. అది వచ్చి చూస్తుంది. నచ్చితేనే మిగతా గూడు పూర్తవుతుంది. నచ్చకపోతే మగపిట్ట దాన్ని అట్లాగే వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది. చెట్టు మీద సగంలో ఆగిన గూడు కనిపిస్తే ఇకనుంచి మీకు వేరే తీరుగా కనిపిస్తుంది కదా!

నల్లమలలో చెంచులు కొండచరియకు పట్టిన తేనె తీయడానికి తాడు మీద కిందికి దిగుతారు. పైన ఆ తాడును కాపలా కాసేది ఎవరో తెలుసా? బామ్మర్ది. సొంత అన్నదమ్ముల కన్నా ఆ పనికి బామ్మర్దినే నమ్ముతారు. తాడు జారితే దిక్కులేనిదయ్యేది అతని తోబుట్టువే కాబట్టి. నేను ఈ సంగతి విన్న రోజు రాత్రి నిద్రపోలేదు. పెళ్లి, నమ్మకం, భయం, ఆకలి, అన్నీ ఒక్క తాడు మీద వేలాడుతున్నాయి. అట్లాంటి అడవిని పక్కన పెట్టుకొని రాయడానికి ఏముంది అంటే నా ప్రాణం ఒప్పుకోదు.

వలస గురించి రాసేవాళ్లకు ఒక మాట. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ప్రాజెక్టులకు మట్టి మోసిన మనుషులు. మీ ఇండ్లలోనే ఉన్నారు. వాళ్ల గురించి రాసేటప్పుడు మొదటి వాక్యంలోనే కన్నీళ్లు పెట్టకండి. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్స్ దేనికి ఖర్చయింది, ముంబై బస్సెక్కేటప్పుడు మూటలో ఏం కట్టుకున్నారు, తాళంచెవి ఎవరి చేతికిచ్చారు, బర్రెను ఎవరికి అప్పజెప్పారు, అవి రాయండి. చదివేవాడికి ఏడుపు రావాలంటే దానంతటదే వస్తుంది.

ఇట్లాంటి చిన్న సంగతులకు విలువుంటుందా అని మీకు అనుమానం రావచ్చు. మన గద్వాల గడ్డ మీద పెరిగిన సురవరం ప్రతాపరెడ్డి గారు పాత కావ్యాలను చదివి, వాటిలోంచి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, దేన్ని నమ్మారు అని ఏరుకుంటూ పోయారు. రాజుల యుద్ధాలను పక్కకు పెట్టి ఆయన రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కే 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. వందల ఏళ్ల కిందట ఎవరో ఒక కవి తన ఊరి తిండినీ ఆటనూ పద్యంలో పెట్టాడు కాబట్టే ఆయనకు అవి దొరికాయి. మీరు రాయకపోతే రేపు వెతికేవాడికి ఏం దొరుకుతుంది?

రచయిత కాని మనిషిని కూడా ఒకరిని తలచుకోవాలి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు. పోచంపల్లి రకం చీర నేసే ముందు దారాన్ని ఆసు అనే మేకుల చట్రం మీద, ఆ మేకుల చుట్టూ తిప్పాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఆ పని చేసి చేసి వాళ్లమ్మ చెయ్యి పట్టేసింది. నేతకారుల ఇండ్లలో అందరూ రోజూ చూసే నొప్పే అది. ఆయన దాన్ని మామూలే అనుకోలేదు. ఏళ్లు కష్టపడి 1999 నాటికి ఆసు యంత్రం తయారు చేసి, దానికి అమ్మ పేరే, లక్ష్మి అని పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంట్లో అమ్మ చెయ్యి ఎట్లా కదులుతుందో చూడటం దగ్గరే అది మొదలైంది. మీ అమ్మ చేతి గురించి మీకేం తెలుసు? బీడీలు చుడుతుందా, పత్తి ఏరుతుందా, కలుపు తీస్తుందా? ఏ వేలు ముందు నొప్పి పెడుతుంది? ఈ రాత్రే అడగండి.

వచ్చే సమావేశానికి ప్రతి ఒక్కరూ ఒక్క పేజీ రాసుకొని రావాలి. మీ ఊళ్లో ఒక పని చేసే మనిషి దగ్గర ఒక పూట కూర్చొని, విన్నది, చూసింది రాయండి. మీ అభిప్రాయాలు అక్కర్లేదు, ఉపమానాలు అక్కర్లేదు. పేరు రాయాలంటే వాళ్లను అడిగి రాయండి, వద్దంటే వదిలేయండి. రాసింది ముందు వాళ్లకే చదివి వినిపించండి. వాళ్లు "ఇట్ల గాదు బిడ్డా" అన్నచోట దిద్దుకోండి. ఆ దిద్దిన కాగితమే నాకు కావాలి, ఫెయిర్ చేసింది వద్దు.

ఇక మీరు అడగండి. ఎండ తప్ప ఏముంది అన్న అమ్మాయి ఎక్కడుంది? ముందు మైకు ఆమెకివ్వండి.