కాల్షియం డబ్బా

వేదిక మీద పెద్దలకి, ముందు వరసలో మాస్టార్లకి, వెనక నిలబడి ఫోన్లు చూసుకుంటున్న కాలేజీ పిల్లలకి నమస్కారం. చీటీ మీద ఇంకా పదకొండు పేర్లున్నాయి గానీ, కార్యదర్శి గారు ఏమనుకోకపోతే అవి దాటేస్తా, అందరికీ కలిపి ఒకటే దండం.

ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, మన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి ఏం చెప్తారో మీకు నాకంటే బాగా తెలుసు. 1863లో పర్వతాలపేటలో పుట్టారు, ఇక్కడ రాజావారి స్కూల్లో మాస్టారయ్యారు, కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్లకి బళ్లు పెట్టారు, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిస్తే ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ సరిహద్దు గొడవ ఎత్తితే నేను సాయంత్రం దాకా ఆగను, మా ఇంట్లోవాళ్లకి తెలుసు, అందుకే ఎత్తను. నాక్కావాల్సింది ఇంకో ముక్క. సవర కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ మింగారు, చెవుడొచ్చింది. ఈ సంగతి ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఇదే మైకులో గర్వంగా చెప్తారు, మందు పేరుతో సహా. ఒక్కరూ గొంతు తగ్గించరు.

నేను మింగిన మందు పేరు ఎస్సిటలోప్రామ్. గాబరాకి, దిగులుకి ఇస్తారు. ఇదిగో, హాలు ఎలా చప్పబడిపోయిందో చూశారా.

ఒడియా ఊళ్లో పీజీ చదివే రోజులు. యూనివర్సిటీ పేరు చెప్పను, హాస్టల్ పేరు అసలే చెప్పను. రెండో సెమిస్టర్లో మొదలైంది, మెస్‌లో ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడితే గుండె దడదడా కొట్టుకునేది, ప్లేటు మీద చెంచా టకటకా చప్పుడు చేసేది, రాత్రి మూడింటిదాకా ఫ్యాను చూస్తూ పడుకోవడమే. ఇంటికెళ్తున్నానని చెప్పి దారిలో బరంపురంలో దిగి ఒక డాక్టరుకి చూపించుకున్నా, మాత్రలు రాశారు. ఇప్పుడు వాటిని ఎక్కడ పెట్టాలి? రూములో ఇద్దరం. స్ట్రిప్ కనబడితే ఎవడైనా ఫోన్లో పేరు కొట్టి చూస్తాడు. అందుకని ఒక్కో మాత్రా రేకులోంచి నొక్కి తీసి, ఖాళీ కాల్షియం డబ్బాలో పోసి, టేబుల్ మీద దర్జాగా పెట్టా. తెల్ల మాత్రలు, ఎవడికీ అనుమానం రాదు. నా తెలివికి నేనే మురిసిపోయా.

మా రూమ్మేటు ఒడియా కుర్రాడు, ఫుట్‌బాల్ పిచ్చి, మోకాలు నొప్పి. ఎముకలకి మంచిదని నా డబ్బాలోంచి రోజుకోటి వేసుకోవడం మొదలెట్టాడు, నన్ను అడగలేదు, కాల్షియమే కదా, అడిగేదేముంది. అయిదో రోజు కడుపులో తిప్పుతోంది, నిద్ర పట్టట్లేదు అని మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ, భాయ్, నీ కాల్షియం పాతదైపోయిందేమో చూడు అన్నాడు. డబ్బా బోర్లించి లెక్కపెట్టా. అయిదు తక్కువ. మీరైతే చెప్తారా, దాస్తారా? వెనకున్న బాబూ, నిన్నే, ఫోన్ పక్కన పెట్టి చెప్పు.

చెప్పేశా. చెప్పాలనుకుని చెప్పింది కాదు, దొరికిపోయి చెప్పింది. డాక్టరుకి ఫోన్ చేశాం, వేసుకోవడం ఆపేస్తే వాడికి రెండ్రోజుల్లో సర్దుకుంది. కానీ వాడు భయపడ్డాడు, పక్క రూములో చెప్పాడు, పక్క రూమువాళ్లు వార్డెన్‌కి చెప్పారు. వాడి మీద నాకు కోపం లేదు. వార్డెన్ మీద ఉంది. పదేళ్లయింది, ఇంకా ఉంది. పిలిచి, కుర్చీ కూడా చూపించకుండా, మీ నాన్నని రమ్మను, ఫిట్ అని సర్టిఫికెట్ తెచ్చేదాకా రూము లేదు అన్నాడు. నిద్ర పడుతోందా అని అడగలేదు, తింటున్నావా అని అడగలేదు. సర్టిఫికెట్ అట.

మా నాన్న గుణుపూర్ పాసింజర్లో నౌపడా వచ్చి, అక్కడ బండి మారి, సాయంత్రానికి హాస్టల్ గేటు దగ్గర సంచితో నిలబడ్డాడు. "ఏట్రా బాబూ, ఏటైనాది?" నా దగ్గర మాట లేదు. డాక్టరు కాయితం మీద ఇంగ్లీషు ముక్కేదో ఉంది. తెలుగు పేపర్లో అయితే మానసిక రుగ్మత అంటారు. ఆ మాట నాన్నతో ఎలా అంటారండీ? పంతులు గారు అంత పోట్లాడి గ్రాంథికాన్ని బళ్లోంచి తరిమితే అది ఆస్పత్రిలోకెళ్లి దాక్కుంది. చివరికి నోటికొచ్చింది చెప్పా: "మహేంద్రతనయ పొంగుతోందంటే నానమ్మకి గాబరా వచ్చేది చూడు నాన్నా, అది నాకు రోజూ వస్తోంది." అర్థమైపోయింది. అర్థమయ్యాక అన్న మొదటి మాట, "సెల్లికి సంబంధాలు సూస్తన్నాం, ఎవుడికీ సెప్పకు." రెండో మాట, "తిన్నావా?"

ఇప్పుడు పిల్లలు నన్ను అడుగుతారు, హాస్టల్లో చెప్పాలా వద్దా సార్ అని. అదేదో ఊరంతా దండోరా వెయ్యాలి, లేదంటే నోరు కుట్టేసుకోవాలి అన్నట్టు. ఎవరికి, ఎంత అని మిమ్మల్ని మీరు అడగండి. డాక్టరుకి చెప్తే, ప్రాణం మీదికొచ్చే పరిస్థితి, కోర్టు ఆర్డరు లాంటివి తప్పిస్తే బయటపెట్టకూడదు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ అదే చెప్తుంది. అయితే ఆ సెక్షన్ వైద్యం చేసేవాళ్లని కట్టేస్తుంది గానీ రూమ్మేటు నోటిని కాదు. అందుకని నోరు విప్పే ముందే అడగండి, ఈ మాట నీ దగ్గర ఆగుతుందా అని. అటెండెన్సో పరీక్షో సర్దుబాటు కావాలంటే మాత్రం ఆఫీసులో ఎంతో కొంత చెప్పక తప్పదు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో మానసిక అనారోగ్యం కూడా ఉంది, కానీ అడగందే ఎవరూ పిలిచి ఇవ్వరు. కాయితం మీద ఎంత రాయాలో ముందు డాక్టరుతో కూర్చుని తేల్చుకోండి, మొత్తం కథ గుమస్తాకి అక్కర్లేదు.

మాస్టార్లూ, మీతో కూడా ఒక మాట. 2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో చదువుకుంటున్న ఒక అమ్మాయి చనిపోయిన కేసులో, వందమంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న చోట కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. సంతోషం. ఆ గది ప్రిన్సిపాల్ గదికి ఎదురుగా పెట్టి, పైన పెద్ద బోర్డు కడితే ఎవడొస్తాడండీ? వచ్చినా ఏ భాషలో ఏడవాలి? మన పిల్లలు ఒడియాలో పరీక్ష రాస్తారు, హిందీలో టీ అడుగుతారు, దిగులు మాత్రం తెలుగే. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్, దిగులు గాబరా చెప్పుకోడానికి సర్కారు పెట్టిన ఫోన్ లైను, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటారు, భాష ఎంచుకోవచ్చు. రాసుకోండి. ఒకటీ నాలుగు నాలుగు ఒకటీ ఆరు.

ఇంకోటి, చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టేయండి. ఎవరు ఎదురుగా ఉంటే వాళ్లకి చెప్పండి. వార్డెన్‌కైనా సరే. మా వార్డెన్‌లాంటి వార్డెన్‌కైనా సరే.

గంట కొట్టారు, వినబడింది, ఒక్క నిమిషం. చెల్లి పెళ్లయింది, సుఖంగా ఉంది. నేను మధ్యలో మందు మానేసి, డాక్టరు చెప్తే మళ్లీ మొదలెట్టా. పోయిన నెల నాన్నా నేనూ మందుల షాపుకెళ్లాం, సంత రోజు, పదిమంది నిలబడి ఉన్నారు. నేను చీటీ మడిచి కౌంటర్ మీద తోస్తుంటే నాన్న వెనకనుంచి, "మావోడి గాబరా మాత్తర్లు బాబూ, నెల్రోజులకియ్యి" అని గట్టిగా కేకేశాడు. అందరూ తిరిగి చూశారు. ఇన్ని మాటలు చెప్పే నేను సిగ్గేసి స్కూటర్ దగ్గరకెళ్లి నిలబడ్డా. డబ్బులిచ్చి మాత్రలు తెచ్చింది నాన్నే.