కారెక్కితే కుక్క నీళ్ళెందుకు ముట్టదు?

నమస్తే అండి. ఎండలు ముదిరాయి, పిల్లలకు సెలవులొచ్చాయి. తిరుపతి నుంచి పలమనేరుకో బెంగళూరుకో కుక్కను కూడా కార్లో వేసుకుని బయల్దేరుతున్నారు. వాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "ఇంట్లో గిన్నె ఖాళీ చేసేస్తుంది, కారెక్కితే మూతి దగ్గర పెట్టినా తల తిప్పుకుంటుంది. ఏం చేయాలి?"

డిక్కీలో రెండు లీటర్ల బాటిల్ పడేసి నిశ్చింతగా కూర్చుంటే సరిపోదండీ. నీళ్ళు మోసుకెళ్ళడం వేరు, తాగించడం వేరు. కుదుపులు, హారన్లు, కొత్త వాసనలు, కొన్నిటికి కడుపులో తిప్పడం. ఆ టెన్షన్‌లో దానికి దాహం సంగతే పట్టదు. కానీ నాలుక చాపి రొప్పుతూనే ఉంటుంది. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది, కుక్కకు ముఖ్యంగా పాదాల కింద మెత్తల్లోనే. ఒంట్లో వేడి పోవాలంటే రొప్పాలి, రొప్పితే తడి పోతుంది. ఏసీ కార్లో ఉన్నా కంగారుకు రొప్పే కుక్కకు అదే పరిస్థితి.

మామూలు రోజున కిలో బరువుకు 50, 60 మిల్లీలీటర్లు కావాలి. 10 కిలోల కుక్కకు అర లీటరు పైన, 30 కిలోల లాబ్రడార్‌కు లీటరున్నర పైన అన్నమాట. ఎండలో తిరిగితే ఇంకా పెరుగుతుంది. తిండిలోని తడి కూడా లెక్కలోకే వస్తుంది కాబట్టి, ప్యాకెట్ తిండి పెట్టేవాళ్ళు ప్రయాణం రోజున దాన్ని నీళ్ళలో నానబెట్టి పెట్టండి. సగం పని అక్కడే అయిపోతుంది.

ఇక తాగించడం. ఇంట్లో తాగే స్టీలు గిన్నే తీసుకెళ్ళండి, నీళ్ళు కూడా ఇంటివే. కారు నడుస్తుండగా తాగించే ప్రయత్నం వద్దు. చంద్రగిరి దాటాక ఒకసారి, పూతలపట్టు దగ్గర ఒకసారి, చిత్తూరు దాటి బంగారుపాళ్యంలో ఇంకోసారి, చెట్టు నీడ చూసి ఆపండి. గొలుసు పట్టుకుని దించి, అటూఇటూ వాసన చూడనివ్వండి. రొప్పడం తగ్గాక గిన్నెలో కొంచెం పోయండి. ఒకేసారి గటగటా తాగితే మొగిలి ఘాట్ మలుపుల్లో కక్కేస్తుంది. అప్పటికీ ముట్టకపోతే, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ నీళ్ళు రెండు చెంచాలు కలపండి. ఆ వాసనకు చాలా కుక్కలు లొంగిపోతాయి. దారిలో అమ్మే మజ్జిగ మాత్రం మీరే తాగండి, అందులో ఉప్పూ పచ్చిమిరపకాయా ఉంటాయి. రోడ్డు పక్క నిలవ నీళ్ళూ వద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది.

ఒంట్లో నీళ్ళు తగ్గాయో లేదో చూడటానికి పై పెదవి కొంచెం ఎత్తి చిగురు మీద వేలు పెట్టండి. తడిగా జారాలి. అంటుకుంటున్నట్టు జిగటగా ఉంటే నీళ్ళు తగ్గినట్టే. తర్వాత వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. మన నాటు కుక్కలకు చిగుళ్ళు నల్లగా ఉంటాయి కదా, వాటికి కింది కనురెప్ప లోపలి రంగు చూడండి.

చిగుళ్ళు ఎర్రగా కంది, చొల్లు చిక్కగా కారుతూ, నడక తూలిందంటే అది వడదెబ్బ. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఇది ఇంకా త్వరగా తగులుతుంది. నీడకు చేర్చి పొట్ట మీద, తొడల మధ్య చల్లటి నీళ్ళు పోస్తూ విసరండి. తడి తువాలు కప్పి వదిలేయకండి, వేడి లోపలే ఆగిపోతుంది. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇదంతా దారిలో చేసే పని, గమ్యం పశువుల ఆసుపత్రే. తిరుపతి చుట్టుపక్కల ఉంటే వెటర్నరీ కాలేజీ గుర్తుంచుకోండి, 1955 నుంచి ఉంది.

పలమనేరు చేరాక గాలి చల్లబడుతుంది, అందరూ గిన్నె సంగతి మర్చిపోతారు. దిగగానే అది మూత్రం పోసే చోట ఒకసారి చూడండి. ముదురు పసుపుగా ఉంటే, పడుకునే లోపు గంటకోసారి కొంచెం కొంచెం తాగించండి.