వాడు స్నానం చేస్తున్నాడండీ

ఫోన్ మోగింది. తెలియని నంబర్. ఇరవై తొమ్మిదేళ్ల అబ్బాయి స్క్రీన్ వైపు ఒకసారి చూసి, మాట్లాడకుండా ఫోన్‌ని పక్కనున్న అమ్మ వైపు జరిపాడు. ఆవిడ ఎత్తింది. "వాడు స్నానం చేస్తున్నాడండీ, ఏంటో నాకు చెప్పండి." వాడు స్నానం చేయట్లేదు. అదే సోఫాలో, ఆవిడ పక్కనే కూర్చుని ఉన్నాడు.

నమస్తే అండీ. ఇది నేను కళ్లారా చూసిన ఫోన్. పెద్దయ్యాక కూడా తమ పనులు అమ్మానాన్నల చేతుల్లోనే వదిలేసేవాళ్లు ఉంటారు కదా, ఈ రోజు వీడియో అంతా దాని గురించే.

ముందే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే కామెంట్లలో నన్ను ఉతికి ఆరేస్తారు. అమ్మానాన్నలతో కలిసి ఉండటం తప్పని నేననట్లేదు. ఒకే ఇంట్లో ఉంటూ తన ఖర్చు తను చూసుకుని, తన నిర్ణయాలు తను తీసుకునేవాళ్లు బోలెడుమంది. వేరే ఊళ్లో ఒంటరిగా ఉంటూ, ఆఫీసుకి సెలవు మెయిల్ ఎలా రాయాలో నాన్నకి ఫోన్ చేసి అడిగేవాళ్లూ ఉన్నారు. ఎవరు ఎక్కడ పడుకుంటున్నారని కాదు, ఎవరి పని ఎవరు చేస్తున్నారని చూడాలి.

కాలం కూడా మారింది. అమెరికన్ సైకాలజిస్ట్ జెఫ్రీ ఆర్నెట్ 2000లోనే ఒక మాట అన్నారు. 18 నుంచి 25 మధ్య వయసుని విడిగా ఒక దశగా చూడాలని. దానికి ఎమర్జింగ్ అడల్ట్‌హుడ్ అని పేరు పెట్టారు. చదువులు సాగాయి, పెళ్లిళ్లు వెనక్కి జరిగాయి, నిలకడైన ఉద్యోగం దొరకడం ఆలస్యమైంది. జీతం అద్దెకే చాలక ఇంట్లో ఉండిపోయినవాణ్ణి పట్టుకుని "ఇంకా ఎదగలేదు" అనడం అన్యాయం.

కానీ మన ఫోన్ అబ్బాయి సంగతి వేరు. వాడి ఖాతాలో రేపు పొద్దున లక్షలు పడినా ఆ ఫోన్ ఎత్తడు.

ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అంటారు. బద్ధకస్తుడైతే హాయిగా ఉండాలిగా? వీడికి నిద్ర పట్టదు. తెల్లారితే ఇంకో రోజు వేస్ట్ అయిందన్న టెన్షన్. చాలా ఇళ్లల్లో బద్ధకం ముసుగు తీసి చూస్తే కింద భయమే ఉంటుంది. అవతలివాడు ఏదో అడుగుతాడు, నేను తడబడతాను, చేతకానివాణ్ణని తెలిసిపోతుంది. ఫోన్ అమ్మకి ఇవ్వగానే ఆ భయం ఠక్కున తగ్గిపోతుంది. ఆ ఊరట ఉంది చూశారూ, అదే అసలు ఉచ్చు. "తప్పించుకున్నావు కాబట్టి బతికావు" అని బుర్ర నేర్చుకుంటుంది. ఈసారి ఫోన్ ఇంకాస్త పెద్ద భూతం.

ఇందులో ఇంకో సగం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఊరట అమ్మకి కూడా దొరుకుతుంది. బిడ్డ బిక్కముఖం చూడటం కంటే అబద్ధం చెప్పడం తేలిక. అలా ఇద్దరూ ఒకరి భయాన్ని ఒకరు పెంచి పోషిస్తుంటారు, ఎంతో ప్రేమగా.

నేనేమీ పుడుతూనే పెద్దమనిషిని కాదులెండి. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ల దాకా నా ట్యాక్స్ కాగితాలు నాన్నే చూసేవారు. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టి ఇచ్చేవారు. నేను చదవకుండా ఆ టిక్కు మీద సంతకం గీకేసేవాణ్ణి. ఆయనకి కంటి ఆపరేషన్ అయిన ఏడాది మొదటిసారి నేనే కూర్చుని చదివాను. ఒక గడి తప్పు నింపాను. నోటీసు వచ్చింది. సరిచేశాను, అంతే. అన్నేళ్లు నేను భయపడింది ఈ కాగితానికా అని నవ్వొచ్చింది.

మరి పెద్దవాళ్లు ఏం చేస్తారు? క్లాసు పీకుతారు. "నీ వయసులో నేను..." అని మొదలుపెట్టి అరగంట. అది అయ్యాక వాడి ఫోన్ బిల్లు వాళ్లే కడతారు. నోరు ఒకటి చెబుతుంది, చెయ్యి ఇంకోటి చేస్తుంది. పిల్లలు ఎప్పుడూ చేతినే నమ్ముతారు.

యేల్ యూనివర్సిటీ చైల్డ్ స్టడీ సెంటర్‌లో ఎలీ లెబొవిట్జ్ అనే సైకాలజిస్ట్ ఈ చేతి మీదే పనిచేశారు. భయపడే పిల్లల కోసం ఆయన తయారుచేసిన పద్ధతి పేరు స్పేస్. అందులో సెషన్లకి వచ్చేది పిల్లలు కాదు, తల్లిదండ్రులు. 2020లో వచ్చిన పరిశోధనలో, 7 నుంచి 14 ఏళ్ల పిల్లల ఆందోళన తగ్గించడంలో ఇది, పిల్లలకే నేరుగా ఇచ్చే సీబీటీకి, అంటే ఆలోచనల తీరునీ ప్రవర్తననీ మార్చే మాటల థెరపీకి, తీసిపోలేదని తేలింది. పెద్దయిన పిల్లల విషయంలోనూ ఆయన ఈ దారిలోనే పనిచేశారు. అక్కడ ఇది ఇంకా అవసరం, ఎందుకంటే ముప్పై ఏళ్లవాణ్ణి చెయ్యి పట్టుకుని డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లలేం కదా.

సూత్రం వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. "నువ్వు మారు" అనకండి. "నేను ఇది చేయడం ఆపేస్తున్నాను" అనండి. ఒక్కటే పని ఎంచుకోండి. గొడవ మధ్యలో కాదు, ప్రశాంతంగా ఉన్నప్పుడు ముందే చెప్పండి. "నీకు కష్టంగా ఉందని నాకు తెలుసు. నువ్వు తట్టుకోగలవనీ తెలుసు. సోమవారం నుంచి నీ ఫోన్లు నేను ఎత్తను." మొదట్లో అలక, అరుపులు, తలుపులు దబాదబా వేయడం, అన్నీ ఉంటాయి. అప్పుడు జాలిపడి మళ్లీ ఎత్తారా, ఇంకాస్త గట్టిగా అరిస్తే పని అవుతుందని మీరే నేర్పినట్టు.

రాత్రికి రాత్రి బట్టలు సర్ది బయట పెట్టేయడం నాకు నచ్చదు. అది ధైర్యం కాదు, విసుగు. ఇంకో సంగతి, వాడికి డిప్రెషన్ ఉంటే, చనిపోతాననే మాట వస్తుంటే, ఈ వీడియో పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌ని కలవండి. ఆ మాటని బెదిరింపు అని ఎప్పుడూ కొట్టిపారేయకండి.

ఆలస్యం చేస్తే ఎక్కడిదాకా పోతుందో జపాన్ చూసింది. అక్కడ 8050 సమస్య అంటారు. ఎనభైల్లో ఉన్న తల్లిదండ్రులు, వాళ్ల మీద ఆధారపడి గది దాటని యాభై ఏళ్ల పిల్లలు. 40 నుంచి 64 ఏళ్ల మధ్య అలా ఇంటికే పరిమితమైనవాళ్లు సుమారు 6.13 లక్షల మంది ఉంటారని 2019లో అక్కడి ప్రభుత్వమే అంచనా వేసింది.

ఈ వీడియోని మీ అమ్మ మీకు ఫార్వర్డ్ చేసి ఉంటే, సారీ. కోపం వచ్చే ఉంటుంది. ఒక్క పని చేయండి, ఆవిడ ఆపేలోపు మీరే అడిగేయండి. "ఈ ఒక్కటి నేను చూసుకుంటా, తప్పు చేసినా మధ్యలోకి రాకు" అని.

ఆ ఫోన్ ఇల్లు మాకు దగ్గరి వాళ్లదే. ఈ మధ్య వెళ్లినప్పుడు మళ్లీ మోగింది. వాడు జరిపాడు. ఆవిడ వెనక్కి జరిపింది. మోగుతూనే ఉంది. అక్కడ కూర్చోలేక ఆవిడ లేచి బాల్కనీలోకి వెళ్లి, ఆరిన బట్టల్నే మళ్లీ దులిపి ఆరేయడం మొదలుపెట్టింది. ఫోన్ ఆగిపోయింది. కాసేపటికి గదిలోంచి గొంతు సవరించుకుంటున్న చప్పుడు వినిపించింది. "హలో... ఇందాక ఈ నంబర్ నుంచి కాల్ వచ్చిందండీ."