వెన్నులో స్టిమ్యులేటర్ ఉంది, కైరోప్రాక్టర్ బల్ల ఎక్కొచ్చా?

అందరికీ నమస్కారం. ఇవాళ్టి ప్రశ్న ఇది. "వెన్నుపాము పక్కన స్టిమ్యులేటర్ పెట్టించుకున్నాను. కాళ్ల నొప్పి బాగా తగ్గింది. కానీ మెడా, వీపూ పట్టేస్తున్నాయి. కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తే ప్రమాదమా?"

స్టిమ్యులేటర్ అంటే వెన్నుపాముకి చిన్న కరెంటు పంపి నొప్పిని తగ్గించే పరికరం. కైరోప్రాక్టర్ అంటే వెన్నునీ కీళ్లనీ చేతులతో నొక్కి, తిప్పి వైద్యం చేసేవాళ్లు. ఈ ప్రశ్నకి మామూలుగా రెండు జవాబులు దొరుకుతాయి. ఒకరు "అస్సలు వద్దు" అంటారు. ఇంకొకరు "మీ డాక్టర్‌ని అడగండి" అంటారు. ఇవి తప్పని నేను అనను. కానీ డాక్టర్ దగ్గరికి వెళ్లి "కైరోప్రాక్టిక్ సేఫేనా?" అని ఒక్క ముక్క అడిగితే ఆయన మాత్రం ఏం చెబుతారు? ఆ ఒక్క మాట కింద ఎన్నో రకాల పనులున్నాయి. వేళ్లతో మెల్లగా నొక్కడం దగ్గర్నుంచి నడుమును ఒక్క విసురుతో తిప్పేయడం దాకా అన్నీ అందులోకే వస్తాయి. వాటన్నిటికీ కలిపి ఒకే జవాబు ఉండదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్టిమ్యులేటర్ తీగ, అంటే లీడ్, వెళ్లిన దారిలో ఆ విసురు వద్దే వద్దు. మిగతావి ఎక్కడ చేస్తున్నారు, ఎలా చేస్తున్నారు, ఆపరేషన్ అయి ఎన్నాళ్లయింది అన్నదాన్ని బట్టి ఉంటాయి. ఇక అందరూ భయపడే ఆ చేతుల కంటే అదే గదిలో మూలన ఉండే ఒక మెషీన్ ఎక్కువ ప్రమాదం. దాని సంగతికి వస్తాను.

ముందు మీ ఒంట్లో ఏముందో చూద్దాం. వెన్నుపాము చుట్టూ ఉండే పొరకి బయట, వెన్నుపూసల లోపల, ఎపిడ్యూరల్ స్పేస్ అనే సన్నటి ఖాళీ ఉంటుంది. అందులో లీడ్ అనే సన్నని తీగ పెడతారు. దాని చివర వరసగా కొన్ని ఎలక్ట్రోడ్లు ఉంటాయి. నడుము, కాళ్ల నొప్పికైతే ఆ చివర ఎక్కువగా వీపు మధ్య భాగంలో, ఎనిమిది, తొమ్మిది థొరాసిక్ (ఛాతీ వెనక) పూసల ఎత్తులో ఉంటుంది. తీగ లోపలికి వెళ్లింది మాత్రం ఇంకా కిందనుంచి, నడుము పైభాగం దగ్గర. అక్కడే దాన్ని కండరం మీది గట్టి పొరకి యాంకర్ అనే చిన్న బిగింపుతో కుట్టేస్తారు. అక్కడ్నుంచి చర్మం కింద తీగ నడిచి, పిరుదు పైభాగంలోనో పక్కటెముకల కింద పక్క భాగంలోనో ఉన్న బ్యాటరీకి కలుస్తుంది. చేతుల నొప్పికైతే లీడ్ చివర మెడలో ఉంటుంది.

ఈ దారంతా ఎందుకు చెప్పానంటే, చాలామంది "నా స్టిమ్యులేటర్ పిరుదు దగ్గర ఉంది" అనుకుంటారు. అక్కడ ఉన్నది బ్యాటరీ మాత్రమే. పని చేసే చివర దానికి జానెడు పైన, ఇంకా పైన ఉంటుంది. కైరోప్రాక్టర్‌కి మీరు "ఇక్కడ ముట్టుకోకండి" అని పిరుదు చూపిస్తే, అసలు కాపాడుకోవాల్సిన చోటు చూపించనట్టే.

1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు గేట్ కంట్రోల్ సిద్ధాంతం ప్రకటించారు. నొప్పి సంకేతం మెదడుకి చేరకముందే వెన్నుపాములో దాన్ని అడ్డుకునే ఏర్పాటు ఉందన్నది దాని సారం. రెండేళ్లకే, 1967లో నార్మన్ షీలీ మొదటి స్టిమ్యులేటర్ అమర్చారు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ వైద్యం మొత్తం ఎలక్ట్రోడ్ ఏ చోట ఉందన్నదాని మీదే ఆధారపడి ఉంది. ఒక్కో ఎలక్ట్రోడ్ పొడవు కొద్ది మిల్లీమీటర్లు. లీడ్ అంత మేర జరిగినా, కాలికి తగలాల్సిన కరెంటు పక్కటెముకల మీద తగలొచ్చు.

2004లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. ఇరవయ్యేళ్ల పరిశోధనలన్నీ కలిపి చూస్తే దాదాపు 13 శాతం మందిలో లీడ్ చోటు మారింది, సుమారు 9 శాతం మందిలో తెగింది. పరికరాలు, యాంకర్లు ఆ తర్వాత మెరుగయ్యాయి కాబట్టి ఆ అంకెల్ని ఇవాళ్టికి యథాతథంగా పట్టుకోవద్దు. కానీ ఒకటి గమనించండి. వీళ్లంతా కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లు కారు. మామూలుగా వంగుతూ, లేస్తూ బతికేవాళ్లలోనే ఇలా జరుగుతుంది. దాని మీద ఇంకో విసురు ఎందుకు కలపాలి అన్నదే నా ప్రశ్న.

ఆ విసురు ఎలా ఉంటుందో వీడియోల్లో చూసే ఉంటారు. మెడ దగ్గర మైకు పెట్టి, టపటపా శబ్దం వినిపించి, పేషెంటు "అబ్బా" అంటే వ్యూస్ వచ్చేస్తాయి. ఆ శబ్దం గురించి ఒక్క మాట. మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ అదే. కీలులోని ద్రవంలో వాయువు బుడగ ఏర్పడే చప్పుడది. ఎముక ఏదో పక్కకి జరిగి, మళ్లీ చోటులో కూర్చుందనడానికి అది రుజువు కాదు. సరే, ఆ చర్చ ఇంకో వీడియోకి ఉంచుదాం.

నడుముకి చేసే పద్ధతి ఇలా ఉంటుంది. మిమ్మల్ని పక్కకి తిప్పి పడుకోబెడతారు. పై కాలు మడిపిస్తారు. భుజాన్ని ఒకవైపు ఆపి, కటి ఎముకని రెండోవైపు చాలా వేగంగా, కొద్ది దూరం తోస్తారు. ఇప్పుడు ఇందాకటి దారి గుర్తు చేసుకోండి. తోసే చెయ్యి పడేది పిరుదు పైభాగం మీద, బ్యాటరీ ఉండే చోటికి దగ్గర్లో. మెలి పడేది నడుములో, యాంకర్ కుట్టిన చోట. ఫోన్ ఛార్జర్ వైరు ఎక్కడ తెగుతుంది? మధ్యలో కాదు, పిన్ను దగ్గర, అంటే కదలకుండా బిగించిన చోట. లీడ్ కూడా యాంకర్ దగ్గర మెలి పడి మెలి పడి అలిసిపోతుంది. స్టిమ్యులేటర్ కంపెనీలిచ్చే మాన్యువల్ తిరగేయండి. ఒక్కసారిగా, అతిగా, పదేపదే వంగడం, మెలితిరగడం, సాగదీయడం చేస్తే లీడ్ జరగొచ్చు, తెగొచ్చు అని అందులో హెచ్చరిక ఉంటుంది. నడుము మీద చేసే విసురులో మెలితిప్పడం, ఒక్కసారిగా తోయడం, రెండూ ఉన్నాయి. వెన్నును సాగదీసే ట్రాక్షన్ బల్లల మీద కూడా నాకు ఇదే అనుమానం.

లీడ్ తెగితే పోయేది నొప్పి ఉపశమనం ఒక్కటే అనుకోకండి. ఇప్పటి స్టిమ్యులేటర్లలో చాలావాటికి కొన్ని షరతులతో ఎమ్మారై తీయించుకోవచ్చు. తీగ తెగితే ఆ అవకాశం చేజారొచ్చు. మళ్లీ ఆపరేషన్, మళ్లీ ఆ మొదటి వారాల జాగ్రత్తలు సరేసరి.

పాడిల్ లీడ్ పెట్టించుకున్నవాళ్లకి ఇంకో విషయం. అది వెడల్పుగా ఉంటుంది కాబట్టి సూదితో పోదు. వెన్నుపూస వెనక ఎముక కొంచెం తొలిచి పెడతారు. అది సూదితో పెట్టే లీడ్ కంటే తక్కువ జరుగుతుంది, నిజమే. కానీ అక్కడి పూస ఇప్పుడు మామూలు పూస కాదు. పైగా స్టిమ్యులేటర్ దాకా వచ్చినవాళ్లలో చాలామందికి అంతకుముందే వెన్ను ఆపరేషన్లు అయి ఉంటాయి. స్క్రూలు, రాడ్లు ఉంటాయి. బిగించిన పూసలకి పైనా కిందా ఉన్న కీళ్లు అప్పటికే ఎక్కువ భారం మోస్తుంటాయి. మీ వెన్ను సంగతి తెలియకుండా చెయ్యి వేసేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి, మొహమాటపడొద్దు.

మరి చేయించుకోదగినవి ఏమీ లేవా? ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరు డాక్టర్లు పన్నెండు అంటారు, ఏమీ వద్దు. ఆ రోజుల్లో లీడ్ చుట్టూ మచ్చ కణజాలం పెరిగి దాన్ని పట్టుకోవాలి. చెయ్యి తల పైకి ఎత్తొద్దని కూడా అందుకే చెబుతారు. ఆ గడువు దాటాక, లీడ్‌కి, బ్యాటరీకి దూరంగా మెత్తటి మసాజ్, మోకాలు, భుజం, పాదం లాంటి కీళ్లకి నెమ్మదిగా చేసే కదలికలు, వ్యాయామాలు, వీటికి చాలామంది డాక్టర్లు సరే అంటారు. స్ప్రింగుతో చిన్న తట్టు ఇచ్చే చేతి పరికరం కొందరు కైరోప్రాక్టర్లు వాడతారు. దాని బలం తక్కువే, అయినా లీడ్ మీదా బ్యాటరీ మీదా వద్దు. లీడ్ వీపు మధ్యలో ఉన్నవాళ్లు మెడకి మెల్లగా చేయించుకోవడం గురించి డాక్టర్‌ని అడగొచ్చు. లీడ్ మెడలోనే ఉంటే అడగడం కూడా దండగ. మెడ అసలే అటూ ఇటూ ఎక్కువ తిరిగే భాగం.

ఇంకో చిన్న సంగతి. బోర్లా పడుకున్నప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు వెన్నుపాముకీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య దూరం మారుతుంది. దాంతో స్టిమ్యులేటర్ కరెంటు వల్ల తెలిసే తిమ్మిరి పెరుగుతుంది, తగ్గుతుంది. బల్ల మీద అటూ ఇటూ తిప్పుతున్నప్పుడు షాక్ కొట్టినట్టయి ఉలిక్కిపడొచ్చు. రిమోట్ దగ్గర పెట్టుకోండి, ముందే తగ్గించుకోండి.

ఇప్పుడు ఆ మూలనున్న మెషీన్. దాని పేరు డయాథర్మీ. కండరాల లోతుకి వేడి పంపడానికి షార్ట్‌వేవ్ లేదా మైక్రోవేవ్ వాడతారు. కైరోప్రాక్టర్ క్లినిక్కుల్లో, ఫిజియోథెరపీ గదుల్లో కనిపిస్తుంది. స్టిమ్యులేటర్ ఉన్నవాళ్లకి ఇది పూర్తిగా నిషేధం. ఇందులో సందేహానికి చోటే లేదు. ఆ శక్తి తీగ పట్టుకుని లోపలికి పోయి ఎలక్ట్రోడ్ చివర పోగవుతుంది, పక్కనున్న కణజాలం కాలుతుంది. మెదడులో స్టిమ్యులేటర్ ఉన్న రోగులు డయాథర్మీ తర్వాత చనిపోయిన ఘటనల మీద 2002 డిసెంబర్‌లో అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. లీడ్ ఉన్న ఇంప్లాంట్లన్నిటికీ అది వర్తిస్తుంది. "స్విచ్ ఆఫ్ చేసుకుంటాను" అంటే కుదరదు, ఆఫ్‌లో ఉన్నా ప్రమాదమే. "బ్యాటరీ తీయించేశాను" అన్నా లీడ్ లోపల మిగిలి ఉంటే ప్రమాదమే. "వీపుకి కాదు, మోకాలికే పెడతాం" అన్నా వద్దు.

నొప్పికి పెట్టే థెరపీ అల్ట్రాసౌండ్‌ని కూడా కంపెనీలు ఇదే కోవలో చేరుస్తాయి. కడుపు స్కాన్‌కి వాడే అల్ట్రాసౌండ్ వేరు, దానికి ఈ భయం లేదు. ఇక టెన్స్ మెషీన్. ప్యాడ్లు అతికించి కరెంటు ఇస్తారు కదా, ఆ కరెంటు స్టిమ్యులేటర్ ఏ భాగం మీదుగానూ ప్రవహించకూడదు. అలాగే ప్యాడ్లతో కరెంటు ఇచ్చే ఐఎఫ్‌టీ మెషీన్ విషయంలోనూ అదే జాగ్రత్త పాటించండి. చిక్కేమిటంటే ఇవన్నీ మిమ్మల్ని అడిగి పెట్టరు. "పది నిమిషాలు ఇలా పడుకోండి" అని అసిస్టెంట్ వచ్చి తగిలించేసి వెళ్లిపోతారు. కైరోప్రాక్టర్‌తో మీరు మాట్లాడింది ఆ మనిషికి తెలిసి ఉండకపోవచ్చు. మెషీన్ ఏదైనా సరే, తగిలించే మనిషికే నోరు తెరిచి చెప్పండి.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు ఎక్కువ ముఖ్యమనిపించే ప్రశ్న ఇంకోటుంది. స్టిమ్యులేటర్‌తో తగ్గిన నొప్పి మళ్లీ వచ్చిందని మీరు కైరోప్రాక్టర్ దగ్గరికి బయల్దేరుతున్నారా? అయితే ఆగండి. లీడ్ అప్పటికే జరిగి ఉండొచ్చు. నొప్పి తిరిగి రావడం, తిమ్మిరి రావాల్సిన చోట కాకుండా పొట్టలోనో పక్కటెముకల మీదనో రావడం, ఉన్నట్టుండి ఆగిపోవడం, ఇవన్నీ దానికి గుర్తులే. పాత రకం స్టిమ్యులేటర్లలో తిమ్మిరి తెలిసేది కాబట్టి తేడా వస్తే కనిపెట్టేవాళ్లు. 2015లో అమెరికాలో అనుమతి పొందిన 10 కిలోహెర్ట్జ్ (సెకనుకి పదివేల సార్లు కరెంటు పంపే) పద్ధతిలో ఆ తిమ్మిరే ఉండదు. అలాంటిది పెట్టించుకున్నవాళ్లకి లీడ్ జరిగిందని తెలిసే దారి దాదాపుగా ఒక్కటే, నొప్పి తిరిగి రావడం. దాన్ని కండరాల పట్టేత అనుకుని బల్ల ఎక్కితే, కొంచెం జరిగిన లీడ్ ఇంకా జరుగుతుంది.

అలాంటప్పుడు ముందు ఎక్స్‌రే తీయించాలి. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. ఆపరేషన్ అయిన రోజు తీసినవాటితో పోల్చి చూస్తే లీడ్ చోటు మారిందో లేదో తెలుస్తుంది. తర్వాత ఇంపిడెన్స్ చెక్, అంటే తీగలో కరెంటుకి ఎంత అడ్డు ఉందో కొలవడం. క్లినిక్‌లో ప్రోగ్రామర్ పరికరంతో నిమిషాల్లో అయ్యే పని, తీగ తెగి ఉంటే అంకె బాగా ఎక్కువ చూపిస్తుంది. కొద్దిగా జరిగి ఉంటే చాలాసార్లు కొత్త ప్రోగ్రామ్ పెట్టి సరిచేస్తారు, కత్తి అక్కర్లేదు. కాబట్టి ఆ పాత ఎక్స్‌రే కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. కైరోప్రాక్టర్‌కి చూపించాల్సిందీ అదే.

డాక్టర్‌ని అడిగేటప్పుడు కూడా దాన్ని ముందు పెట్టుకుని అడగండి. "నా లీడ్ చివర ఏ పూస దగ్గర ఉంది, యాంకర్ ఎక్కడ ఉంది? ఏ పూస నుంచి ఏ పూస దాకా ఎవరూ చెయ్యి వేయకూడదు? మెడకి విసురు లేకుండా చేయించుకోవచ్చా?" జవాబు కాగితం మీద రాయించుకోండి. కైరోప్రాక్టర్ ఆ కాగితం చదివి "ఇది నావల్ల కాదు" అంటే ఆయన మీద నాకు గౌరవం పెరుగుతుంది. "ఏం కాదులెండి, ఇలాంటివాళ్లకి ఎంతోమందికి చేశాను" అంటే అక్కడ్నుంచి వచ్చేయండి.

ఇప్పటికే వెళ్లి చేయించుకొచ్చేశాం అంటారా? టెన్షన్ పడకండి. అంతా మునుపటిలాగే ఉంటే బహుశా ఏమీ కాలేదు. తిమ్మిరి చోటు మారినా, నొప్పి తిరగబెట్టినా, బ్యాటరీ ఛార్జ్ ఎక్కకపోయినా ఇంప్లాంట్ పెట్టినవాళ్లకి ఫోన్ చేయండి. బ్యాటరీ చర్మం కింద బోల్తా పడినా ఛార్జ్ ఎక్కదు. కానీ కాళ్లలో బలం తగ్గినా, మూత్రం, మలం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా ఫోన్లూ అపాయింట్‌మెంట్లూ చూసుకుంటూ కూర్చోకండి. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, స్టిమ్యులేటర్ కార్డు చేతిలో పట్టుకుని వెళ్లండి.