మెడలో శిలువ

శ్రోతలకు నమస్కారం.

2006 సెప్టెంబరు. లండన్ హీత్రూ విమానాశ్రయంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ చెక్-ఇన్ ఉద్యోగిని నాడియా ఎవేడాను ఇంటికి పంపేశారు, జీతం లేకుండా. తప్పేమిటంటే మెడలోని చిన్న శిలువ బయటికి కనిపించడం. లోపల ఉన్నన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు. ఆమె కాప్టిక్ క్రైస్తవురాలు, అంటే ఈజిప్టులో పుట్టిన ప్రాచీన క్రైస్తవ శాఖకు చెందినవారు. అదే సంస్థలో సిక్కు ఉద్యోగుల తలపాగాకు, ముస్లిం ఉద్యోగినుల హిజాబ్‌కు అడ్డు లేదు. ప్రయాణికుల కంటపడని ఆఫీసు పని ఇస్తామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. చుట్టూ విమర్శలు పెరిగి, 2007 ఫిబ్రవరిలో కంపెనీ నియమం మార్చుకుంది. పోయిన జీతం మాత్రం ఇవ్వలేదు.

బ్రిటన్ కోర్టుల్లో ఓడి, ఆవిడ స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. అక్కడ బ్రిటన్ ప్రభుత్వం ఓ వింత వాదన చేసింది: శిలువ వేసుకోమని క్రైస్తవం ఆజ్ఞాపించలేదు కదా అని! మన తెలుగు క్రైస్తవ ఇళ్లలో కొందరి మంగళసూత్రం మీద చిన్న శిలువ ఉంటుంది. అది బైబిల్లో ఏ వాక్యంలో ఉందని అడిగితే ఏం చెబుతారు?

2013 జనవరి 15న తీర్పు వచ్చింది. మతం ఆదేశించిందని నిరూపించనక్కర్లేదు, విశ్వాసంతో దగ్గరి సంబంధం ఉంటే చాలు అన్నారు న్యాయమూర్తులు. ఇష్టం లేకపోతే ఉద్యోగం మానేయొచ్చుగా అనే పాత వాదనతోనే సరిపెట్టలేమన్నారు. కంపెనీ తనంతట తానే నియమం సడలించిందంటే, ఆ నిషేధం అంత అవసరమేమీ కాదని తేలిపోయింది. అయిదుగురు ఆమె వైపు, ఇద్దరు వ్యతిరేకం. పరిహారం 2,000 యూరోలు.

2021 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్‌లలో క్రైస్తవులమని రాయించుకున్నవారు 46.2 శాతం. సగానికి తగ్గడం అదే మొదలు. ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని గొలుసు ఇప్పుడు ప్రకటనలా కనబడుతోందంటే, నాకు తోచిన కారణం ఇదే.

ఎవేడా గెలిచిన రోజే, అదే తీర్పులో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ ఆస్పత్రి నర్సు షెర్లీ చాప్లిన్ ఓడిపోయారు. ఆమె శిలువ 1971 నుంచీ మెడలోనే ఉంది. 2007లో వీ-మెడ యూనిఫాం రావడంతో ఆస్పత్రి వాళ్ల కంట్లో పడింది. మంచం మీది రోగి గొలుసు పట్టుకు లాగితే ఎలా, పుండుకు తగిలితే ఎలా అన్నారు. అక్కడి సిక్కు నర్సులకూ కడియం, కృపాణం వద్దన్నారు. అందుకే తీర్పును తప్పుపట్టలేను. బ్రూచిలా యూనిఫాంకు తగిలించుకోమన్నారు, ఆమె ఒప్పుకోలేదు. 2009 నవంబరులో రోగుల సేవ నుంచి తప్పించి మరో తాత్కాలిక పోస్టులో వేశారు. మరుసటి జూలైకి ఆ పోస్టే లేకుండా పోయింది.